మెకిల్‌రాయ్ ఏ దేశం వాడు? తీగల మనవాడేనా?

ప్రశ్న అడిగిన మిత్రుడి అనుమానం క్లుప్తంగా ఇది: గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ పేరు పక్కన మామూలు టోర్నీల్లో నార్తర్న్ ఐర్లాండ్ జెండా వేస్తారు. ఒలింపిక్స్‌లో ఐర్లాండ్ తరఫున ఆడతాడు. రైడర్ కప్ (యూరప్, అమెరికా జట్ల పోటీ) వస్తే యూరప్ చొక్కా వేసుకుంటాడు. ఇది అవసరాన్ని బట్టి జెండా మార్చడం కాదా? అలాగైతే అమెరికా తరఫున ఆడే తెలుగు మూలాల గోల్ఫర్ సాహిత్ తీగలను మనవాడని మనం ఎందుకు చెప్పుకోకూడదు?

మొదటిదానికి నా జవాబు: కాదు, జెండా మార్చడం కాదు. రెండోదానికి జవాబు కొంచెం పొడుగు, చివర్లో చెప్తాను.

నేను చాలాకాలం స్పోర్ట్స్ డెస్క్‌లో గోల్ఫ్ స్కోర్లు చూసినవాణ్ణి. ఏజెన్సీ పంపే పట్టికలో ప్రతి పేరు పక్కనా మూడక్షరాల దేశం కోడ్ ఉంటుంది. మామూలు వారాల్లో ఎన్.ఐ.ఆర్. అని వచ్చిన మెకిల్‌రాయ్ ఒలింపిక్స్ వారంలో ఐ.ఆర్.ఎల్. అయిపోయేవాడు. కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లు ఏజెన్సీ వాళ్లు పొరబడ్డారనుకుని దిద్దబోయేవాళ్లు. ఆ టోర్నీ ఎవరు నడుపుతున్నారో వాళ్ల లెక్కే మన లెక్క, ముట్టుకోవద్దు అని చెప్పేవాణ్ణి. మొత్తం గొడవకు మూలం ఇక్కడే ఉంది. గోల్ఫ్‌లో దేశం అనేది ఎక్కువ భాగం రిజిస్ట్రేషన్ వివరం, సెలక్షన్ కాదు.

మనం క్రికెట్ కళ్లతో చూస్తాం కాబట్టి ఇది వింతగా తోస్తుంది. క్రికెట్‌లో బోర్డు ఎంపిక చేస్తుంది, కాంట్రాక్ట్ ఇస్తుంది, టికెట్లు కొంటుంది, గాయమైతే చూసుకుంటుంది. గోల్ఫర్‌కి అవేవీ లేవు. టూర్ కార్డు (ప్రొఫెషనల్ టోర్నీల్లో ఆడే అర్హత) అతను సొంతంగా సంపాదించుకున్నది. కోచ్ జీతం, క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) వాటా, హోటల్, విమానం అన్నీ అతని జేబులోంచే. గురు, శుక్రవారాలు సరిగ్గా ఆడక కట్ (చివరి రెండు రోజులు ఆడే అర్హత) తప్పితే ఆ వారం ప్రైజ్‌మనీ సున్నా, ఖర్చు మాత్రం మిగులుతుంది. అలాంటి మనిషి పేరు పక్కన కనిపించే జెండాని ఏ బోర్డూ ఇచ్చినది కాదు. ఏడాది పొడవునా అతను తనకోసం తాను ఆడుకుంటాడు. దేశం అనే మాట రెండేళ్లకో నాలుగేళ్లకో ఒక వారం వస్తుంది. ఆ వారంలో మిగతా కాలమంతా ఎవరూ అడగని ప్రశ్న ఒక్కసారిగా నెత్తిన పడుతుంది.

ఇప్పుడు మెకిల్‌రాయ్ సంగతి. 1989లో బెల్‌ఫాస్ట్ పక్కన హోలీవుడ్ అనే ఊళ్లో పుట్టాడు (సినిమాల హాలీవుడ్ కాదు). రాజకీయంగా అది యునైటెడ్ కింగ్‌డమ్. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లున్న ఊళ్లో క్యాథలిక్ కుటుంబం. అక్కడ ఇలాంటి వివరాలకు ఎంత బరువు ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. ఏ బడిలో చదివావు, ఏ జట్టుకు చప్పట్లు కొడతావు, ఏ జెండా పట్టుకుంటావు అనేదాన్ని బట్టి మనిషి ఏ వర్గమో తేల్చేసే చోటు అది. ఆ వర్గాల మధ్య దశాబ్దాల హింసను ఆపడానికి 1998లో కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంలో ఒక గొప్ప వాక్యం ఉంది. దాని సారాంశం: నార్తర్న్ ఐర్లాండ్ ప్రజలు తమను ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు, రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చు. అంటే 'నువ్వు ఎటు?' అనే ప్రశ్నకు 'రెండూ' అని చెప్పే హక్కు అతనికి రాతపూర్వకంగా ఉంది.

ఇక గోల్ఫ్ పటం. గోల్ఫింగ్ యూనియన్ ఆఫ్ ఐర్లాండ్ 1891లో పుట్టింది, ప్రపంచంలోని జాతీయ గోల్ఫ్ సంఘాల్లో అదే పాతది. ఐర్లాండ్ రెండుగా చీలింది 1921లో: ఉత్తర భాగం బ్రిటన్‌తోనే ఉండిపోయింది, మిగతాది వేరే దేశమైంది. దేశం మధ్య సరిహద్దు వచ్చేనాటికి ఆ సంఘానికి ముప్పై ఏళ్లు. దేశం విడిపోయినా గోల్ఫ్ విడిపోలేదు. రగ్బీ, క్రికెట్ కూడా అంతే. ఫుట్‌బాల్ మాత్రం రెండు జట్లయింది. 2021లో మహిళల సంఘంతో కలిసి గోల్ఫ్ ఐర్లాండ్ అని పేరు మారింది, పరిధి మారలేదు. మెకిల్‌రాయ్ చిన్నప్పటి నుంచి అమెచ్యూర్‌గా ఆడిందంతా ఈ సంఘం కిందే. ప్రొఫెషనల్ అయ్యాక 2009లో గోల్ఫ్ వరల్డ్ కప్‌లో గ్రేమ్ మెక్‌డొవెల్‌తో కలిసి ఐర్లాండ్ పేరుమీదే ఆడాడు, మరో జట్టుతో కలిసి రెండో స్థానం పంచుకున్నారు కూడా. ఇద్దరూ ఉత్తరాది వాళ్లే. అప్పుడు ఎవరూ చిన్న గొంతుతో కూడా అభ్యంతరం చెప్పలేదు.

మరి గొడవ ఎప్పుడు మొదలైంది? 2009 అక్టోబర్‌లో ఒలింపిక్ కమిటీ గోల్ఫ్‌ని 2016 నుంచి మళ్లీ చేర్చుకుంది. 1904 తర్వాత అదే మొదలు. ఒలింపిక్స్‌లో నార్తర్న్ ఐర్లాండ్ అనే జట్టు లేదు. గ్రేట్ బ్రిటన్, ఐర్లాండ్, ఏదో ఒకటి ఎంచుకోవాలి. సరిగ్గా ఆ మధ్యలోనే మెకిల్‌రాయ్ మామూలు కుర్రాడి నుంచి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2011లో కాంగ్రెషనల్ కోర్స్‌లో యూఎస్ ఓపెన్‌ను 8 స్ట్రోకుల (దెబ్బల) తేడాతో, 2012లో కియావా ఐలండ్‌లో పీజీఏ చాంపియన్‌షిప్‌ను మళ్లీ 8 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆ ఏడాదే ఒక ఇంటర్వ్యూలో తనకు ఐరిష్ కంటే బ్రిటిష్ అనే భావనే ఎక్కువని అన్నాడు. ఇక చూడండి. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో కోపం, బెల్‌ఫాస్ట్‌లో కొందరికి సంబరం, ఇంకొందరికి బాధ. చివరికి బహిరంగ లేఖ రాసుకోవాల్సి వచ్చింది: నేను ఐరిష్ గోల్ఫ్ తయారుచేసిన ఆటగాణ్ణి, అల్‌స్టర్ (ఉత్తర ఐర్లాండ్ ప్రాంతం) వాణ్ణి కూడా, రెండింటికీ గర్వపడతాను, ఇంకా ఏదీ నిర్ణయించుకోలేదు అని. ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఎంత టెన్షన్ అయ్యుంటుందో ఊహించండి.

2014లో ఐర్లాండ్ తరఫునే ఆడతానని ప్రకటించాడు. అమెచ్యూర్‌గా ఎప్పుడూ ఆడింది అదే కాబట్టి అదే కొనసాగిస్తానన్నది అతని వాదన. నా లెక్కలో సరైన సమాధానం అదే. రాజకీయ పటం ఒకటి, ఆట పటం ఒకటి ఉన్నప్పుడు ఆటగాడు ఆట పటాన్ని చూడటం న్యాయం. ఆ తర్వాత 2016లో జికా వైరస్ కారణం చెప్పి రియో నుంచి తప్పుకున్నాడు. అంతటితో ఊరుకోకుండా, ఒలింపిక్స్‌లో టీవీలో ఏం చూస్తావని అడిగితే అథ్లెటిక్స్, స్విమ్మింగ్, అసలు విలువ ఉన్న ఆటలు చూస్తానని ఎకసెక్కంగా చెప్పాడు. ఆ మాట అనవసరం. అయితే 2017లో ఒక ఐరిష్ పత్రికకు అసలు కారణం చెప్పుకున్నాడు. నేనెవరో తేల్చుకోమని బలవంతపెట్టినందుకు ఒలింపిక్స్ మీదే నాకు కోపం వచ్చిందన్నాడు. ఏ జెండాతోనూ తనకు గట్టి అనుబంధం లేదనీ అన్నాడు. అది విన్నాక నాకు 2016 నాటి దురుసు మాట అర్థమైంది, నచ్చకపోయినా.

ఇక్కడ ఒక తేడా గమనించండి. మెక్‌డొవెల్ పుట్టింది పోర్ట్‌రష్‌లో, 2010లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. స్టెఫనీ మెడో కూడా ఉత్తరాది అమ్మాయే. రియో, టోక్యో, ప్యారిస్ మూడింటిలోనూ ఐర్లాండ్‌కు ఆడింది. వాళ్లకూ అదే పుట్టుక, అదే పటం, అదే ఎంపిక. వాళ్లను నిలదీసిన వాళ్లు ఎంతమంది? ఈ ప్రశ్న అందరికీ పుట్టదు, స్టార్‌కే పుడుతుంది. నంబర్ వన్ అయిన రోజున రెండు పక్షాలూ వచ్చి 'మావాడే' అంటాయి. 40వ ర్యాంకులో ఉంటే ఎటు వెళ్లినా ఎవరికీ పట్టదు.

జనం సంగతి మళ్లీ వేరు. పత్రికల్లో జరిగే గొడవకూ ఫెయిర్‌వే పక్కన తాడు వెనక నిలబడే మనుషులకూ చాలా దూరం. 2019లో ది ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) 68 ఏళ్ల తర్వాత పోర్ట్‌రష్‌కు తిరిగి వచ్చింది. మెకిల్‌రాయ్ గురువారం ఉదయం మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) మీదికి వస్తే ఊరంతా అక్కడే ఉంది. మొదటి బంతి ఎడమకు పోయి అవుట్ ఆఫ్ బౌండ్స్‌లో (కోర్సు హద్దు బయట) పడింది, ఒక ప్రేక్షకురాలి ఫోన్ అద్దం పగిలింది. నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన (పార్ 4) హోల్‌కు 8 కొట్టాడు. రోజు ముగిసేసరికి 79 దెబ్బలు; గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మంచిది. మర్నాడు వీరావేశంతో 65 కొట్టాడు, కట్ ఒక్క స్ట్రోక్‌తో తప్పింది. ఆ శుక్రవారం సాయంత్రం వెలుగు తగ్గుతుంటే హోల్ హోల్‌కూ జనం అరిచిన అరుపుల్లో ఏ వర్గం వాళ్లెవరో ఎవరూ చెప్పలేరు. తర్వాత మాట్లాడుతూ అతను కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఆదివారం వానలో టైటిల్ గెలిచింది షేన్ లోరీ, సరిహద్దుకు అవతల రిపబ్లిక్‌లోని ఆఫలీ కౌంటీ వాడు. బ్రిటన్ అనుకూలురు ఎక్కువగా ఉండే పోర్ట్‌రష్‌లో, 18వ గ్రీన్ చుట్టూ ఐరిష్ త్రివర్ణ పతాకాలు ఎగిరాయి. ఎవరూ కొట్టుకోలేదు. ఆ దీవి చరిత్ర తెలిసినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

మెకిల్‌రాయ్ చివరికి టోక్యో వెళ్లాడు, ఐర్లాండ్ చొక్కాతో. కాంస్యం కోసం ఏడుగురు ప్లేఆఫ్ (సమంగా నిలిచినవాళ్ల మధ్య తేల్చే ఆట) ఆడారు, అందులో ఓడిపోయాడు. మూడో స్థానం కోసం జీవితంలో ఇంతగా ఎప్పుడూ కష్టపడలేదని నవ్వుతూ చెప్పాడు. ప్యారిస్‌కూ వెళ్లాడు.

'దేశం అంటే ఏమిటి?' అని గోల్ఫ్‌ను అడిగితే ఏం చెప్తుందో చూడాలంటే ఆ టోక్యో పోడియం ఒక్కటి చాలు. స్వర్ణం జాండర్ షాఫెలేది, అమెరికా. తండ్రిది జర్మన్, ఫ్రెంచ్ మూలం. తల్లి తైవాన్‌లో పుట్టి జపాన్‌లో పెరిగింది. ఆ తండ్రి కుర్రతనంలో డెకాథ్లాన్‌లో ఒలింపిక్స్‌కు వెళ్లాలనుకున్నాడు, కారు ప్రమాదంలో కన్ను పోయి కల అక్కడే ఆగింది. కొడుకు గెలిచిన పతకం వెనక ఉన్నది ఏ దేశం కథ? ఒక తండ్రి కథ. రజతం రోరీ సబాటినీది. పుట్టింది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, ఆడింది స్లొవేకియాకు. భార్య ఆ దేశం మనిషి, ఆమె ద్వారా పౌరసత్వం వచ్చింది. ఆ వారం క్యాడీగా బ్యాగు మోసింది కూడా ఆమే. చివరి రౌండ్‌లో 61 కొట్టి ఒక్క స్ట్రోక్ తేడాలో స్వర్ణం పోగొట్టుకున్నాడు. కాంస్యం సి.టి. పాన్‌ది. తైవాన్ వాడు, కానీ ఒలింపిక్స్‌లో ఆ పేరు చెల్లదు, 'చైనీస్ తైపే' అనాలి, జెండా కూడా వేరే. అతని క్యాడీ కూడా భార్యే. ముగ్గురు మనుషులు, మూడు జెండాలు. ఒక్కటి కూడా 'ఒక మనిషికి ఒకే దేశం' అనే తేలిక లెక్కకు సరిగ్గా లొంగదు.

సబాటినీని మాత్రం అవకాశవాది అనొచ్చా? అనుకోండి, నేను అడ్డుపడను. కానీ ఒలింపిక్ గోల్ఫ్ అర్హత ఎలా ఉంటుందో చూసి అనండి. మొత్తం 60 మంది. ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి 15 మందిలో ఉంటే ఒక దేశం నుంచి నలుగురి దాకా వెళ్లొచ్చు. ఆ తర్వాత దేశానికి ఇద్దరే. పోటీ ఎక్కువున్న దేశంలో మంచి ఆటగాడు ఇంట్లో కూర్చుంటాడు, అంతకంటే తక్కువ ర్యాంకున్నవాడు చిన్న దేశం నుంచి వెళ్తాడు. అలాంటి నిబంధన పెట్టినప్పుడు రెండో పాస్‌పోర్టుకు విలువ పెరగడం సహజం. పైగా ఒలింపిక్ చార్టర్‌లోని 41వ నిబంధన, రెండు జాతీయతలున్నవాళ్లు ఏదో ఒకటి ఎంచుకోవచ్చనే చెప్తుంది. ఒకసారి ఒక దేశానికి ఆడితే మారడానికి సాధారణంగా మూడేళ్లు ఆగాలి, అంతే. రియోలో బ్రిటన్‌కు స్వర్ణం తెచ్చిన జస్టిన్ రోజ్ పుట్టింది జొహన్నెస్‌బర్గ్‌లో. చిన్నప్పుడే ఇంగ్లండ్ వచ్చేశాడు కాబట్టి అతన్ని ఎవరూ అడగరు. లిడియా కో సియోల్‌లో పుట్టింది, న్యూజిలాండ్‌కు రజతం, కాంస్యం, స్వర్ణం మూడూ తెచ్చింది. ఎప్పుడు వచ్చారన్నదే తేడా. పిల్లలుగా వస్తే 'మనవాళ్లు', పెద్దయ్యాక వస్తే 'జెండా మార్చారు'.

రైడర్ కప్ గురించి ఎక్కువ చెప్పను. 1927లో బ్రిటన్, అమెరికా మధ్య మొదలైంది. ఐర్లాండ్ పేరు జట్టుకు చేర్చింది 1973లో, అప్పటికి ఐరిష్ ఆటగాళ్లు అందులో ఏళ్ల తరబడి ఆడుతూనే ఉన్నారు. అమెరికాకు పోటీ లేకుండా పోయిందని 1979లో యూరప్ మొత్తాన్ని కలిపారు. అంటే 'యూరప్' అనే ఆ జాతీయత పోటీ నిలబెట్టడానికి తయారుచేసింది. అయినా ఆ నీలం జెండా కింద ఇంగ్లిష్, స్పానిష్, ఐరిష్ ఆటగాళ్లు ఏడుస్తారు, కావలించుకుంటారు. మెకిల్‌రాయ్‌కి అది హాయి అని నాకనిపిస్తుంది. అక్కడ అతన్ని ఎవరూ 'ఏ ఐర్లాండ్?' అని అడగరు. 2025లో బెత్‌పేజ్‌లో న్యూయార్క్ జనం అతన్ని మూడు రోజులూ బూతులు తిట్టారు, అతని భార్య మీద బీరు పడింది. ఆమె అమెరికన్, అన్నట్టు. యూరప్ 15–13తో గెలిచింది.

జాతీయత అనేది గోల్ఫర్ జీవితాన్ని నిజంగా తలకిందులు చేసే చోటు ఒకటుంది: దక్షిణ కొరియా. అక్కడ మగవాళ్లకు సైనిక సేవ తప్పనిసరి. ఒలింపిక్ పతకమో, ఆసియా క్రీడల స్వర్ణమో గెలిస్తే ప్రాథమిక శిక్షణ, కొంత సమాజ సేవతో సరిపోతుంది. పీజీఏ టూర్‌లో (అమెరికాలోని ప్రధాన ప్రొఫెషనల్ టోర్నీల వరుస) రెండు టైటిళ్లు గెలిచిన బే సాంగ్‌మూన్ గడువు పెంచమని కోర్టుకు వెళ్లి ఓడి, 2015లో బ్యాగు పక్కనపెట్టి సైన్యంలో చేరాడు. రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చాడు, పీజీఏ టూర్‌లో మళ్లీ టైటిల్ రాలేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇమ్ సుంగ్‌జే, కిమ్ సివూ జట్టు స్వర్ణం గెలిచారు. ఆ ఒక్క వారం ఆట వాళ్ల కెరీర్‌లో ఏడాదిన్నర పైచిలుకు కాలాన్ని మిగిల్చింది. నలుగురి జట్టులో మిగతా ఇద్దరు అమెచ్యూర్ కుర్రాళ్లు, వాళ్లకూ అదే వరం. ఆ చివరి పట్‌ల మీద ఎంత బరువు ఉండి ఉంటుందో మెకిల్‌రాయ్ గొడవతో పోల్చి చూసుకోండి.

ఇక సాహిత్ తీగల. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన కుర్రాడు, తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీకి ఆడుతూ 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని పెద్ద అవార్డులన్నీ తెచ్చుకున్నాడు. 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు, 2024లో ప్రెసిడెంట్స్ కప్ అనే జట్ల పోటీలో అమెరికా జట్టులో ఆడాడు. లీడర్‌బోర్డు మీద 'తీగల' అని కనిపిస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, దాచుకోవడం దేనికి? 'మనవాడు' అనండి, హాయిగా అనండి. ఫిజీలో పుట్టిన విజయ్ సింగ్ 2004లో టైగర్ వుడ్స్‌ను దించి నంబర్ వన్ అయినప్పుడు భారత పత్రికలు చేసిందీ అదే. టైగర్ తల్లి థాయ్ మనిషి కాబట్టి థాయిలాండ్ వాళ్లు అతన్ని సొంతం చేసుకున్నారు. ఇది చుట్టరికం, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే 'భారత్‌కు ఎందుకు ఆడడు?' అనే మాట దగ్గర ఆగండి. చుట్టరికం వేరు, హక్కు వేరు. తీగల ఆట తయారైంది అమెరికా జూనియర్ టోర్నీల్లో, అమెరికా కాలేజీలో. మెకిల్‌రాయ్‌కి పెట్టిన కొలతే ఇక్కడా పెడితే అతను ఆడాల్సిన జట్టు అమెరికానే. పైగా మన చట్టం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకు ఇచ్చేది) ఉంటే సరిపోదు; భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశానికి ఆడాలన్న విధానం 2008 నుంచి ఉంది. అంటే అతను పుట్టిన దేశం పౌరసత్వం వదిలి రావాలి. మన ఇళ్లలో అక్కడ పుట్టిన పిల్లల్ని అలా చేయమని ఎవరైనా అడుగుతారా? విశాఖపట్నంలో పుట్టి, చిన్నప్పుడే వెళ్లిపోయి కెనడాలో పెరిగిన సుదర్శన్ యల్లమరాజు విషయంలోనూ ఇదే నా మాట. అతని పేరు పక్కన కెనడా జెండా ఉండటంలో ఏ అన్యాయమూ లేదు.

భారత జెండా పక్కన పేరు చూడాలనే కోరిక గట్టిగా ఉంటే దానికి మనుషులున్నారు. అదితి అశోక్ బెంగళూరులో ఆట నేర్చుకుంది, ఇక్కడి అమెచ్యూర్ గోల్ఫ్‌లోంచే పైకి వచ్చింది. టోక్యోలో తల్లి క్యాడీగా ఉంటే ఒక్క స్ట్రోక్ తేడాలో కాంస్యం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ శనివారం తెల్లవారుజామున దేశంలో సగం మంది లేచి కూర్చుని బర్డీ అంటే ఏమిటో గూగుల్‌లో వెతికారు, సాయంత్రం నీరజ్ చోప్రా స్వర్ణం రాగానే మర్చిపోయారు. దీక్షా డాగర్‌కు పుట్టుకతోనే వినికిడి లోపం; బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది, టోక్యో, ప్యారిస్ రెండింటిలోనూ ఆడింది. వీళ్ల స్కోర్లు మహిళల టూర్లయిన ఎల్‌పీజీఏ, లేడీస్ యూరోపియన్ టూర్ సైట్లలో ఆడిన ప్రతి వారం ఉంటాయి. తీగల స్కోర్ చూడటానికి యాప్ తెరిచినప్పుడు ఆ పేజీ కూడా ఒకసారి చూడండి.